చుట్టాల షాపులో చేతిసాయం

సెప్టెంబరు 4

పిట్టా,

నువ్వు క్షేమంగా దిగావని ఆదివారం ఫోన్‌లో విన్నాం. విన్నాం అంటే ఇల్లంతా విన్నాం. ఫోన్ చేతికొస్తే మీ అన్నయ్య స్పీకర్ నొక్కకుండా ఉండలేడు కదా. అత్తయ్య విన్నది, పక్కింటావిడ విన్నది, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను కూడా కాసేపు నిలబడి విన్నాడు. నువ్వు బాగున్నానన్నావు, మేమూ బాగున్నామన్నాం. అందరూ అంత బాగున్నాక మాట్లాడుకోవడానికి ఇంకేం మిగులుతుంది? అందుకే ఉత్తరం. వదినా ఆడపడుచుల మాటలు మూడో చెవిన పడకూడదు. నువ్వూ ఉత్తరమే రాయి.

ఇది డ్రైవింగ్ స్కూల్ కారులో కూర్చుని రాస్తున్నాను. పొద్దున నా దగ్గర నేర్చుకోవడానికి రావాల్సిన బ్యాంకు మేడమ్ ఇవాళ రాలేదు. నిన్న బ్రేకు అనుకుని ఆక్సిలరేటర్ తొక్కి, కూరగాయల బండి మీదికి పోనిచ్చింది. నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది కాబట్టి టమాటాలు దక్కాయి. బండివాడి ముందు గట్టిగా అరిచానని ఆవిడకి నా మీద కోపం. అరవక ముద్దు పెట్టుకోనా?

సరే, అసలు సంగతి. నువ్వు ఉంటున్నది మా తమ్ముడింట్లో. వాడు నీకు బావ వరసే కానీ, మా మరదలికి నువ్వు మొగుడి అక్కగారి ఆడపడుచువి. ఎంత దగ్గరో అంత దూరం. మీ అన్నయ్య నీకు అద్దె గది చూస్తానంటే, నా పుట్టింటివాళ్ళు ఉండగా అద్దె గది ఏమిటని వాదించి నిన్ను అక్కడ దింపించింది నేను. కాబట్టి నా పరువిప్పుడు నీ చేతుల్లో ఉంది. తిన్న కంచం కడిగి గదిలోకి పోతే సరిపోదు. కింద వాళ్ళ లాండ్రీ షాపు ఉంది కదా, సాయంత్రాలు కాస్త దిగి చెయ్యి అందించు. మా మరదలు నోరు తెరిచి ఏదీ అడగదు. కానీ ఏదీ మర్చిపోదు కూడా.

కాలేజీలో నీళ్ళు పరీక్ష చేయడం నేర్పుతారన్నావు. మన వీధి కుళాయి నీళ్ళు చూస్తే నీకు ఒక్కరోజులో డిగ్రీ ఇచ్చేస్తారు.

నీ వదిన


సెప్టెంబరు 22

వదినా,

నీ ఉత్తరం షాపు కౌంటరు మీద ఉంటే బావ పైకి తెచ్చి ఇచ్చాడు. మా అక్క చేతిరాత డాక్టరు చేతిరాతలా ఉంటుందన్నాడు. నేను నీ పక్షమే తీసుకున్నాను.

నా గది చిన్నదే కానీ వెచ్చగా ఉంటుంది. కింద షాపులో నీటి ఆవిరితో నడిచే ఇస్త్రీ యంత్రం ఉంది, దాని వేడి నేలలోంచి పైకి వస్తుంది. పొద్దున్నే 'బుస్' మని దాని చప్పుడుతోనే మెలకువ వస్తుంది. ఆ యంత్రం దగ్గర ఒకాయన ఉంటాడు. యాభై ఏళ్ళుంటాయేమో. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ సన్నగా ఈల వేస్తుంటాడు. నేను మెట్లు దిగితే ఈల ఆపి తల ఊపుతాడు. బావ కౌంటరు చూసుకుంటాడు, నీ మరదలు బట్టలకి టోకెన్లు కుడుతుంది. ఆవిడని నేను అక్క అంటున్నాను. అక్క మంచిదే వదినా. మాట్లాడదు, అంతే.

కాలేజీలో విదేశీ విద్యార్థులకని ఒక ఆఫీసు ఉంది. మొదటి రోజు అందర్నీ కూర్చోబెట్టి అక్కడి మేడమ్ గంటసేపు చెప్పింది. కళ్ళజోడు ముక్కు చివరికి జారినా సర్దుకోదు, అందుకని నేను ఆవిడకి కళ్ళజోడు మేడమ్ అని పేరు పెట్టాను. సబ్జెక్టులు తగ్గించుకోకూడదట. ఇల్లు మారితే వెంటనే చెప్పాలట. అనుమతి లేకుండా బయట ఎక్కడా పని చేయకూడదట. "మీరిక్కడ ఉండడానికి ఒక్కటే కారణం, చదువు. దానికి వేరే పని ఏది అంటించినా మీ విద్యార్థి హోదా పోతుంది. ఇంటికి వెళ్ళిపోవాల్సి వస్తుంది" అంది.

చుట్టాల షాపులో చెయ్యి అందిస్తే అది పనవుతుందా అని అడుగుదామని లేచాను. నా ముందు ఒకతను ఏవో సెక్షన్ల నెంబర్లు చెప్పి ప్రశ్నలు అడుగుతున్నాడు. నేను వెళ్ళి, మా వదిన తమ్ముడి షాపులో బట్టలు మడతపెట్టొచ్చా అండీ అని అడిగితే నవ్వుతారేమో అనిపించింది. సిగ్గేసి కూర్చుండిపోయాను. నువ్వేమంటావు? నీ జవాబు వచ్చేదాకా షాపులోకి దిగడం లేదు.

నీ ఆడపడుచు


అక్టోబరు 7

పిట్టా,

నేనేమంటానా? నీ చదువు నీ బుర్రని తినేస్తోంది అంటాను.

జీతం తీసుకుని చేసేది పని. ఇంట్లో చేసేది పనెలా అవుతుంది? మనింట్లో మనం అంట్లు తోముకుంటే పోలీసులొస్తారా? ఆ మేడమ్ చెప్పింది హోటళ్ళలోనూ పెట్రోలు బంకుల్లోనూ చేరిపోయే పిల్లల గురించి. నీ సంగతి వేరు. నువ్వు ఆ ఇంటి మనిషివి.

మొన్న మా మరదలు విడిగా నాకు ఫోన్ చేసింది. "మీ ఆడపడుచు బాగా చదువుకునే పిల్లండీ. తలుపు తీయనే తీయదు" అంది. అంతే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటకి అర్థం తెలిసిందా నీకు? నేను ఆ రోజు నా పాఠాలన్నీ పాడుచేశాను. ఒకావిడ రాంగ్‌రూట్లో పోతుంటే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళయి ఇన్నేళ్ళలో మీ ఇంట్లో ఎవరూ నా పుట్టింటివాళ్ళని ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మా పుట్టింట్లో మీ ఇంటి పిల్లని ఒక మాట అంటుంటే నేను వినాల్సి వచ్చింది.

నీకు చేతులు నొప్పెడతాయనా? మన ఇంటి పిల్ల ఊరికే తిని కూర్చునే రకం కాదని వాళ్ళకి చూపించు. అంతకంటే నేను అడగను.

అత్తయ్య నీకు చలి కోటు సరిపోయిందా అని వందసార్లు అడిగింది. సరిపోయిందని చెప్పేశాను. సరిపోయిందా?

వదిన


అక్టోబరు 25

వదినా,

కోటు సరిపోయింది. చేతులు కాస్త పొడుగు.

నువ్వు అంతలా బాధపడతావని తెలిస్తే మొదటి రోజే దిగేదాన్ని. నీ ఉత్తరం చదివి నాకే సిగ్గేసింది. ఇప్పుడు కాలేజీ అవగానే సరాసరి షాపుకే వస్తున్నాను. ఇస్త్రీ ఆయనే నాకు పని చూపించాడు. కాలరు ముందు, తర్వాత భుజాలు, చివరికి చేతులు. కాలరు అంచుల నుంచి మధ్యకి రావాలి, మధ్య నుంచి అంచులకి పోతే ముడత మిగులుతుంది. మొదటి వారం రెండు చొక్కాలు మాడ్చాను. బావ ఏమీ అనలేదు. ఇప్పుడు నేను చేసిన చొక్కాకీ ఆయన చేసిన చొక్కాకీ తేడా చెప్పలేవు. అక్క కూడా నాతో మాట్లాడుతోంది. నిన్న తన చెల్లెలి పెళ్ళి ఫోటోలు చూపించింది.

ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. రాసేస్తాను. పోయిన సోమవారం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇస్త్రీ ఆయన తన టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంటున్నాడు. ఇంకా సాయంత్రం కాలేదు. నన్ను చూసి ఎప్పటిలాగే తల ఊపి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బావని అడిగితే, "సీజను లేదులే, రావద్దన్నాను. మనమున్నాం కదా" అన్నాడు. సీజను లేకపోవడం ఏమిటో నాకు తెలియలేదు, చలి మొదలైంది కదా, కోట్లు గుట్టలుగా పడి ఉన్నాయి. ఆయన యంత్రం దగ్గర ఇప్పుడు నేనే నిలబడుతున్నాను.

శనివారం షాపులోనే ఉండిపోయి పొద్దుటి ల్యాబ్ ఒకటి పోగొట్టుకున్నాను. మళ్ళీ చేయనిస్తారట. కంగారు పడకు.

నీ పిట్ట


నవంబరు 8

నా బంగారుపిట్టా,

మా మరదలు ఫోన్ చేసి ఏమందో తెలుసా? "మీ ఆడపడుచు లేకపోతే మాకు చెయ్యి విరిగినట్టే" అంది. నేను ఆ మాట మీ అన్నయ్యకి చెప్పాను, అత్తయ్యకి చెప్పాను, డ్రైవింగ్ స్కూల్లో అందరికీ చెప్పాను. బ్యాంకు మేడమ్‌కి కూడా చెప్పాను. ఆవిడ స్టీరింగ్ వదిలేసి చప్పట్లు కొట్టబోయింది.

ఆ ఇస్త్రీ ఆయన గురించి నువ్వు బెంగపెట్టుకోకు. వ్యాపారమన్నాక ఒకర్ని పెట్టుకుంటారు, ఒకర్ని తీసేస్తారు. మా తమ్ముడికి ఆ మాత్రం తెలియదా?

నువ్వొచ్చాక మీ అన్నయ్య చొక్కాలన్నీ నీకే. నేను జన్మలో ఇస్త్రీపెట్టె ముట్టను.

నీ వల్ల తలెత్తుకుని తిరుగుతున్న
వదిన


నవంబరు 12

వదినా,

ఈ ఉత్తరం ఒక్కదానివే చదువు. అన్నయ్యకి చెప్పకు. అమ్మకి అసలు చెప్పకు.

నిన్న మధ్యాహ్నం షాపుకి ఇద్దరు వచ్చారు, ఒక మగాయన, ఒకావిడ. మెడలో కార్డులు వేలాడుతున్నాయి. షాపుల్లో ఎవరు పని చేస్తున్నారో చూసే ఇన్‌స్పెక్టర్లట. బావ కౌంటరు దగ్గర ఉన్నాడు, నేను యంత్రం దగ్గర ఉన్నాను. ఆవిడ నన్ను చూపించి ఎవరని అడిగింది. బావ తల తిప్పకుండా "కస్టమర్" అన్నాడు.

నేను షాపు వాళ్ళ నీలం ఏప్రన్ కట్టుకుని ఉన్నాను వదినా. యంత్రం మీద సగం చేసిన చొక్కా ఉంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మీరు కస్టమరేనా?" అంది. బావ ఒక మాట అనేశాడు. మనింట్లో పెద్దవాళ్ళు ఒక మాట అన్నాక నలుగురిలో కాదంటామా? నాకు ఇంకేమీ తోచలేదు. అవునన్నాను. "ఈ చొక్కా ఎవరిది?" అంది. నాదన్నాను. ఆ చొక్కాలో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. కాలరుకి వేరేవాళ్ళ టోకెన్ ఉంది. ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. నా మొహం చూడ్డానికి తనే మొహమాటపడుతున్నట్టు పక్కకి చూస్తూ నా కాలేజీ కార్డు అడిగింది. నా వివరాలు రాసుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక బావ నా వైపు చూడకుండా రసీదులు సర్దుకున్నాడు. అక్క టోకెన్లు కుడుతూనే ఉంది. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించి పైకి వచ్చేశాను.

ఇవాళ కళ్ళజోడు మేడమ్ పిలిచింది. జీతం తీసుకోలేదని చెప్పాను. "జీతం తీసుకున్నారా లేదా అన్నది కాదు. జీతమిచ్చి మనిషిని పెట్టుకోవాల్సిన పని చేశారా లేదా అన్నదే చూస్తారు" అంది. నాకు ఇస్త్రీ ఆయన గుర్తొచ్చాడు. పనికంటే అబద్ధం చెప్పడం పెద్ద తప్పట. జనవరిలో ముగ్గురు కూర్చుని నా సంగతి వింటారు. తెలియక చేశానని తేలితే కాలేజీ నా తరఫున రాస్తుందట, హోదా నిలబడొచ్చట. తెలిసి చేశానని తేలితే వెళ్ళిపోవాలి.

నాకు ఎవరి మొహం చూడాలన్నా సిగ్గుగా ఉంది. తొందరగా జవాబు రాయవా?

పిట్ట


నవంబరు 18

ఏమ్మా,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మా తమ్ముడు మాత్రం ఫోన్ చేశాడు. స్పీకర్‌లో. అందరం విన్నాం.

"ఖర్చులకి చాలడం లేదు, షాపులో ఏదైనా చేస్తానని తనే దిగిందక్కా. మేం వద్దన్నాం. ఇప్పుడు జరిమానా మా మెడకి చుట్టుకుంది. షాపు లైసెన్సు ఉంటుందో ఊడుతుందో తెలియదు" అన్నాడు. వాడి గొంతు వణికింది. అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. మీ అన్నయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అత్తయ్య నా వైపు కూడా చూడలేదు. ఇంట్లో నేను దొంగలా తిరుగుతున్నాను.

ఖర్చులకి చాలకపోతే మాకు చెప్పాలి కదా? నిన్ను చెయ్యి అందించమన్నాను, నిజమే. కానీ నీకు రూల్సు తెలుసు. మేడమ్ ఎదురుగా నిలబడి చెప్పిందని నువ్వే రాశావు. తెలిసినదానివి తెలిసినట్టు ఉండాలి. నీడనిచ్చినవాళ్ళ షాపు మీదికి తెచ్చావు. రేపు మా మరదలి ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

ముందు వాళ్ళిద్దరికీ క్షమాపణ చెప్పు. మిగతావి తర్వాత.

వదిన


డిసెంబరు 3

వదిన గారికి నమస్కరించి రాయునది.

మీ రెండు ఉత్తరాలూ వారం తేడాలో అందాయి. తలెత్తుకుని తిరుగుతున్నానని రాసినది, ఆ తర్వాత రాసినది.

బావగారికీ అక్కగారికీ క్షమాపణ చెప్పాను. బావగారు సరేనన్నారు. మర్నాడే గది ఖాళీ చేశాను. నా క్లాసులో అమ్మాయితో కలిసి కాలేజీ వెనక వీధిలో ఉంటున్నాను. ఇల్లు మారినట్టు అదే రోజు ఆఫీసులో చెప్పాను. ఆ ఒక్క రూలు సరిగ్గా పాటించానని కళ్ళజోడు మేడమ్ అంది.

జనవరి 9న విచారణ. అందులో ఏం చెప్పాలో నిర్ణయించుకున్నాను. నా అంతట నేనే దిగాను, ఎవరూ అడగలేదు, అది పనని నాకు తెలుసు అని చెప్తాను. అలా చెప్తే షాపు తప్పు తగ్గుతుంది. మీ పుట్టింటివాళ్ళ మాట నా నోట రాదు. మీ మాట అసలే రాదు. దానివల్ల నాకేమవుతుందో తెలుసు.

డబ్బు గురించి బావగారు చెప్పింది నిజం కాదు. అంతకు మించి చెప్పను.

ఇక్కడ చలి బాగా ఉంది. కోటు వెచ్చగానే ఉందని అమ్మకి చెప్పండి.

ఇట్లు
మీ ఆడపడుచు


డిసెంబరు 17

పిట్టా,

నన్ను 'మీరు' అన్నావు. చెంప మీద కొట్టినా బాగుండేది.

నీ నవంబరు ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నా ఉత్తరం అప్పటికే పోస్టయిపోయింది. నీది చదివాక నీకు ఫోన్ చేద్దామని నెంబరు నొక్కాను, రింగవక ముందే పెట్టేశాను. జవాబు రాద్దామని కాగితం తీశాను, మళ్ళీ మడిచి పెట్టాను. మొహం చెల్లలేదు. ఆదివారం ఫోన్‌లో నువ్వు "బాగున్నాను" అంటుంటే వంటింట్లోకి పారిపోయాను. కార్లో పక్కన కూర్చున్నవాళ్ళ తప్పులకి అరిచే నోరు నాది. నా తప్పుకి ఒక్క మాట రాలేదు.

ఇప్పుడు రాస్తున్నాను, విను. దిగమన్నది నేను. నువ్వు వద్దనుకుని గదిలో ఉంటే, నిన్ను సిగ్గుపరిచి దింపింది నేను. ఇంట్లో చేసేది పని కాదన్నది నేను. నీ చదువు కంటే మా మరదలి మెచ్చుకోలు నాకు ఎక్కువైంది. తర్వాత మా తమ్ముడి గొంతు వణకగానే నీ మాట వినకుండానే నిన్ను తిట్టాను. నువ్వు పరాయిదానిలా రాసిన ఆ ఉత్తరం చదువుతుంటే నా ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

మొన్న ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. అత్తయ్య, మీ అన్నయ్య కూర్చునే ఉన్నారు. స్పీకర్ పెట్టే ఉంది. "ఒరే, ఆ ఇస్త్రీ ఆయన్ని ఎందుకు పంపేశావురా?" అని అడిగాను. సీజను లేదన్నాడు. మళ్ళీ అడిగాను. చివరికి, "ఇంట్లో మనిషి ఉండగా ఇంకో జీతం ఎందుకక్కా?" అన్నాడు. అప్పుడు నేనే అందుకున్నాను. పిట్టని షాపులోకి దించింది నేనని, వాడు అబద్ధం చెప్పాడని, నేను దాన్ని నమ్మానని అందరి ముందూ అన్నాను. మీ అన్నయ్య లేచి స్పీకర్ ఆపేశాడు. అత్తయ్య, "పిల్ల ఎప్పుడు చెప్పింది నీకు?" అంది. మూడు వారాలైందన్నాను. అప్పట్నుంచి ఆవిడ నాతో అవసరమైన మాటలే.

మీ కాలేజీ ఆఫీసుకి కూడా ఫోన్ చేశాను. వచ్చీరాని భాషలో, నేను వాళ్ళ వదినని, తప్పు నాదని చెప్పబోయాను. విద్యార్థి సంగతులు ఇంకొకరితో మాట్లాడకూడదని మర్యాదగా చెప్పి పెట్టేశారు. ఎవరో ఆడమనిషి. కళ్ళజోడు మేడమేనేమో.

కాబట్టి చెప్పాల్సింది నువ్వే. నా మాట వినమని అడిగే అర్హత నాకు లేదు, అయినా అడుగుతున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నా పేరు చెప్పు. మా తమ్ముడి పేరు చెప్పు. జరిమానా పడితే పడనీ, వాడు కడతాడు. నా పుట్టింటి పరువు కాపాడమని నిన్ను అక్కడికి పంపలేదు. చదువుకోమని పంపాం. ఆ సంగతి నేనే మర్చిపోయాను.

నీ వదిన
(ఇంకా అలా పిలుస్తావో లేదో)


జనవరి 12

వదినా,

పిలవక ఏం చేస్తాను?

నీ ఉత్తరం విచారణకి ముందే అందింది. మూడుసార్లు చదివాను. మూడోసారి ఏడ్చాను. నీ పేరు చెప్పాను, బావ పేరు కూడా చెప్పాను. నువ్వు చెప్పమన్నావనే కాదు. దానికి ముందు ఇంకొకటి జరిగింది.

విచారణకి రెండు రోజుల ముందు ఇస్త్రీ ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బస్సు డిపో వెనక ఉంటానని ఒకసారి చెప్పాడు. తలుపు కొడితే ఆయనే తీశాడు. నన్ను గుర్తుపట్టాడు. "ఏమ్మా, అక్కడ నావి ఏమైనా మర్చిపోయానా?" అన్నాడు. నేనేదో తిరిగివ్వడానికి వచ్చాననుకున్నాడు వదినా. లేదన్నాను. పని దొరికిందా అని అడిగాను. ఇంకా లేదు, చూస్తున్నానన్నాడు. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, "ఇటు పోతూ ఊరికే పలకరిద్దామని" అన్నాను. మళ్ళీ అబద్ధమే. ఆయన తల ఊపాడు. లోపలికి రమ్మనలేదు. వీధి చివర దాకా నడిచి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

విచారణలో మొదటి నుంచీ అన్నీ చెప్పాను. చెయ్యి అందించడం మన ఇళ్ళలో ఎలా ఉంటుందో చెప్పాను. పెద్దవాళ్ళ మాట నలుగురిలో కాదనలేకపోవడం చెప్పాను. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. "మీ వదినగారు చెప్పినప్పుడు అది పని కిందికి వస్తుందని మీకు తెలియదు" అంది కళ్ళజోడు మేడమ్. తెలియదన్నాను. రాసుకుంది. తర్వాత నా వైపు చూసి, మొదటిసారి కళ్ళజోడు పైకి సర్దుకుంది. "ఆ ఇస్త్రీ ఆయన వెళ్ళిపోయాక కూడా మీకు తట్టి ఉండదు, కదా?" అంది.

ఆవిడ నన్ను గట్టెక్కించాలనే అలా అడిగింది. అవునంటే చాలు. నేను ఇక్కడే ఉండేదాన్ని.

"తట్టింది. ఆయన టిఫిన్ డబ్బా సర్దుకుంటున్న రోజే తట్టింది" అన్నాను. "అయినా మర్నాడు ఆ యంత్రం దగ్గర నిలబడ్డాను. అప్పటికి నాకు మెచ్చుకోలు బాగుంది."

ఆవిడ పెన్ను కింద పెట్టింది. కాసేపటికి మళ్ళీ తీసుకుని రాసింది. తెలిసి చేసినదానికి కాలేజీ నా తరఫున రాయదు. నా హోదా రద్దయింది. ఈ నెలాఖరులోపు వెళ్ళిపోవాలి. మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు కానీ ఇస్తారన్న నమ్మకం లేదు. బయటికి వస్తుంటే మేడమ్ గుమ్మం దాకా వచ్చింది. జాగ్రత్తగా వెళ్ళండి అంది.

వదినా, తప్పంతా నీదేనని నువ్వు రాశావు. కాదు. మొదటి సగం నీది. ఆ సోమవారం తర్వాతది నాది. దాన్ని నీకు ఇవ్వలేను. నువ్వు అడిగినా ఇవ్వలేను.

ఇరవై ఎనిమిదిన వస్తున్నాను. అన్నయ్యని పంపకు, నువ్వు రా. చదువు మధ్యలో ఎందుకొచ్చానని అందరూ అడుగుతారు. ఒంట్లో బాగాలేదనో, చలి పడలేదనో, ఏం చెప్పాలో దారిలో ఇద్దరం కూర్చుని అనుకుందామని ముందు రాశాను. ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను. మనం అనుకుని చెప్పే మాటలు ఇంక వద్దు వదినా. మొదట పక్కింటావిడే అడుగుతుంది. నాకు నోరు రాకపోవచ్చు. నా పక్కన నిలబడు. నేను చెప్పేదాకా నువ్వు కూడా ఏమీ చెప్పకు.

పిట్ట